ఆప్షన్లు నెట్ సెంటర్లో కాదు, వాడలో పెట్టాలె

తొలకరి పడే రోజుల్లో మన వాడల్లోకి ఇద్దరు మనుషులు వస్తారు. మొదటివాడు విత్తనాలు, మందు బస్తాలు ఉద్దెరకిచ్చే దుకాణం మనిషి. వాడు పాత చుట్టమే. రెండోవాడు కొన్నేండ్ల నుంచి కొత్తగా మరిగినవాడు. ఇస్త్రీ చొక్కా, మెడలో బిళ్ళ, చేతిలో రంగుల పుస్తకం. "అక్కా, మీ పిలగానికి ఇంటర్ల ఎన్ని మార్కులొచ్చినయ్? మా దాంట్ల కంప్యూటర్ సీటు ఉన్నది. ఇయ్యాల పదివేలు కడితే ఖాయం జేస్త. రేపటికి ఉండది" అంటాడు. మొదటివాడి విత్తనం మొలవకపోతే ఒక పంట పోతుంది. రెండోవాడి మాట నమ్మితే పిల్లవాడి నాలుగేండ్లు పోతాయి, తండ్రి భూమి పోతుంది.

ఇది ఉత్త మాట కాదు. నేను తిరిగే ఊళ్ళల్లో ఒక హమాలీ కొడుకు సంగతి చెప్తాను. ఇంటర్ పాసయ్యాడు. ఎంసెట్ రాశాడు. ఇప్పుడు దాని పేరు ఈఏపీసెట్ అయింది గాని మన నోట్లో ఇంకా ఎంసెట్టే. ఓ మోస్తరు ర్యాంకు వచ్చింది. కన్వీనరు కౌన్సెలింగులో పక్క జిల్లాలోని ప్రభుత్వ యూనివర్సిటీ కాలేజీలో సివిల్ సీటు వచ్చింది. "సివిల్ చదివి మేస్త్రీ పని జేస్తడా?" అని ఊళ్ళో ఎవరో నవ్వారు. అంతే, ఆ సీటు వదిలేశారు. మెడలో బిళ్ళ వేసుకున్నవాడు హైదరాబాద్ పక్కన ఒక ప్రైవేటు కాలేజీలో మేనేజ్ మెంట్ సీటు ఇప్పించాడు. ఏడాదికి లక్షా ముప్పై వేలు. హాస్టలు వేరే. ఉన్న ముప్పై గుంటల అసైన్డ్ భూమిని తెల్లకాగితం మీద తాకట్టు పెట్టి, నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చారు. అసైన్డ్ భూమి చేతులు మారొద్దని 1977లోనే చట్టం వచ్చింది. అయినా మన భూమి ఇట్లాగే చేతులు మారుతోంది.

రెండో ఏడు ఫీజు కట్టలేకపోయారు. "స్కాలర్ షిప్ వస్తదని చెప్పిండు గద సార్" అని తండ్రి కాలేజీ గేటు దగ్గర ఏడ్చాడు. మేనేజ్ మెంట్ సీటుకు ఫీజు రీయింబర్స్ మెంట్ రాదని ఆయనకు అప్పుడు తెలిసింది. సర్టిఫికెట్లు కాలేజీ బీరువాలో ఉండిపోయాయి. పిలగాడు ఇప్పుడు హైదరాబాద్ లో బండి మీద తిండి పొట్లాలు మోస్తున్నాడు. ఆ తండ్రి నన్ను ఒకటే అడిగాడు: "సీటు గురించి నాకు చెప్పేటోడు ఎవడున్నడన్నా?"

అన్నలారా, అక్కలారా! ఆ ప్రశ్న ప్రభుత్వాన్ని అడిగింది కాదు. మనల్ని అడిగింది. అంబేద్కర్ విగ్రహం పెట్టాం, జయంతికి దండ వేస్తున్నాం. ఆ విగ్రహం కింద కూర్చొని ఒక పిల్లకు కాలేజీ ఆప్షన్లు రాసిపెట్టే పని మాత్రం ఎవరం చేయడం లేదు. ఇంజనీరింగ్ కాలేజీ ఎంచుకోవడం ఆ ఇంటివాళ్ళ సొంత వ్యవహారమని వదిలేశాం. అది వాడ వ్యవహారం, సంఘం వ్యవహారం అని చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

పెద్ద కులాల ఇంట్లో ఏం జరుగుతుందో చూడండి. పిల్లవాడు పదో తరగతిలో ఉన్నప్పుడే మేనమామ హైదరాబాద్ నుంచి ఫోన్ చేస్తాడు. చిన్నాయన అమెరికా నుంచి చెప్తాడు. ఏ కాలేజీలో ఎవరు పాఠం చెప్తారో, ఏ బ్రాంచికి ఏ కంపెనీ వస్తుందో, ఎక్కడ డబ్బులు గుంజుతారో వాళ్ళింట్లో అన్నం తింటూ మాట్లాడుకుంటారు. మూడు తరాల చదువు ఇచ్చిన ఆస్తి అది. భూమి కంటే పెద్ద ఆస్తి. మన పిల్లకు ఆ మాట చెప్పే మేనమామ లేడు. ఉన్నా నాలుగో తరగతి దగ్గర ఆగిపోయినవాడు. కంప్యూటర్ ముందు ఇద్దరికీ ఒకే కాలేజీల జాబితా కనపడుతుంది కాబట్టి అందరికీ సమాన అవకాశమంటారు సర్కారువాళ్ళు. జాబితా ఒకటే గాని, దాన్ని చదివే కండ్లు ఒకటి కావు.

ఎంసెట్ 1986లో మొదలైంది. ఆ రోజుల్లో కౌన్సెలింగు అంటే పట్నం పోయి హాల్లో కూర్చోవాలి. అది కష్టమే. కానీ పక్కన కూర్చున్న సీనియరో, సంఘం కార్యకర్తో "తమ్మీ, అది తీసుకోకు, ఇది తీసుకో" అని చెవిలో చెప్పేవాడు. ఇప్పుడు అంతా వెబ్ కౌన్సెలింగ్. లైను పోయింది, దాంతోపాటు ఆ చెవిలో మాట కూడా పోయింది. మండల కేంద్రంలో నెట్ సెంటర్ అబ్బాయి గంటకింతని తీసుకొని తనకు తోచిన కాలేజీలు వరుసగా నొక్కేస్తాడు. మన పిల్ల తలరాత వాడి వేలి కొసన ఉంది.

సీటు దొరుకుడు గొప్ప కాదు ఇప్పుడు

ఒకప్పుడు సీటు దొరకడమే గెలుపు. ఉస్మానియాలో ఇంజనీరింగ్ కాలేజీ 1929 నాటిది. కాకినాడ కాలేజీ 1946 నాటిది. వరంగల్ ఆర్ఈసీ 1959లో, జేఎన్టీయూ 1972లో వచ్చాయి. సీట్లు వందల్లో ఉండేవి. రిజర్వేషన్ మీద మన పిల్లవాడు ఒకడు వెళ్తే చుట్టుపక్కల ఊళ్ళన్నీ చెప్పుకునేవి. ఆ తర్వాత డొనేషన్ కాలేజీలు వచ్చాయి. ఆ దోపిడీ ఎంత ముదిరిందంటే 1983లో క్యాపిటేషన్ ఫీజు నిషేధిస్తూ చట్టం చేయాల్సి వచ్చింది. 2008 తర్వాత ఫీజు రీయింబర్స్ మెంట్ విస్తరించింది. దాన్ని చూసుకొని కాలేజీలు పుట్టగొడుగుల్లా లేచాయి. ఉమ్మడి రాష్ట్రంలో ఏడు వందలు దాటాయి. రైస్ మిల్లు పెట్టినవాడూ కాలేజీ పెట్టాడు, సారా కాంట్రాక్టరూ కాలేజీ పెట్టాడు. మన పిల్లల మీద ప్రేమతో పెట్టారా? మన పిల్లల పేరు మీద ఖజానా నుంచి వచ్చే ఫీజు కోసం పెట్టారు. తర్వాత వాటిలో చాలా మూతపడ్డాయి.

అందుకే ఇప్పుడు సీటు దొరకడం కష్టం కాదు. మంచి సీటు దొరకడమే కష్టం. "మా పిలగానికి ఇంజనీరింగ్ సీటొచ్చింది" అని మిఠాయి పంచే ముందు మూడు ప్రశ్నలు అడగాలె. ఏ కోటాలో వచ్చింది? ఫీజు ఎవరు కడతారు? డిగ్రీ ఎవరిస్తారు?

మొదటి ప్రశ్న, కోటా. మామూలు ప్రైవేటు కాలేజీలో నూటికి 70 సీట్లు కన్వీనరు కోటా. ర్యాంకు ప్రకారం, రిజర్వేషన్ ప్రకారం నిండుతాయి. మన 15 శాతం అక్కడే ఉంది. మిగతా 30 మేనేజ్ మెంట్ సీట్లు. అక్కడ రిజర్వేషన్ లేదు, రీయింబర్స్ మెంట్ లేదు. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. మన పిల్లకు మంచి ర్యాంకు వస్తే ఓపెన్ కోటాలోనే సీటు రావాలి. అది మన 15 శాతంలో లెక్క కాదు. 15 శాతం మనకు ఇచ్చిన హద్దు కాదు, తగ్గకూడని వాటా.

రెండోది, ఫీజు. దళిత విద్యార్థులకు పోస్ట్ మెట్రిక్ స్కాలర్ షిప్ 1944 నుంచి ఉంది. బాబాసాహెబ్ వైస్రాయ్ కౌన్సిల్ సభ్యుడిగా ఉన్న కాలం అది. అంటే స్వతంత్రం కంటే ముందు వచ్చిన హక్కు. 2020 డిసెంబరులో కేంద్రం ఈ పథకాన్ని మార్చి, అయిదేండ్లకు 59,048 కోట్లు అన్నది. అందులో 60 శాతం కేంద్రం, 40 శాతం రాష్ట్రం పెట్టుకోవాలి. ఆదాయ పరిమితి ఏడాదికి రెండున్నర లక్షలు. కాగితం మీద బాగానే ఉంది. కాని బకాయిలు ఏండ్ల తరబడి పేరుకుపోతాయి. 2025 నవంబరులో తెలంగాణలో ప్రైవేటు కాలేజీల యాజమాన్యాలు బకాయిల కోసం కాలేజీలు మూసేసి కూర్చున్నాయి. సర్కారు, యాజమాన్యం కొట్లాడుకుంటే నలిగేది మధ్యలో ఉన్న మన పిల్ల. "ముందు నువ్వు కట్టు, సర్కారు ఇచ్చినంక నీకిస్తం" అంటారు. లేకుంటే హాల్ టికెట్ ఇవ్వరు, సర్టిఫికెట్ ఇవ్వరు. అసలు సర్టిఫికెట్లు కాలేజీ దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ 2018 అక్టోబరులోనే ప్రకటన ఇచ్చింది. ఆ కాగితం ఒకటి జిరాక్స్ తీసి ప్రతి సంఘం ఆఫీసులో పెట్టుకోవాలె.

మూడోది, డిగ్రీ. ఇక్కడే యూనివర్సిటీ అనే మాటతో పెద్ద మాయ నడుస్తోంది. యూనివర్సిటీ అంటే మనకు ఉస్మానియా, కాకతీయ, ఆంధ్రా, జేఎన్టీయూ గుర్తొస్తాయి. ఇప్పుడు బోర్డు మీద యూనివర్సిటీ అని ఉన్నవన్నీ అవి కావు. తెలంగాణ 2018లో ప్రైవేటు యూనివర్సిటీల చట్టం చేసింది. అందులో స్థానికులకు 25 శాతం సీట్లన్నారు గాని ఎస్సీ, ఎస్టీ, బీసీ రిజర్వేషన్ మాట లేదు. ఆంధ్రలో ప్రైవేటు యూనివర్సిటీల్లో 35 శాతం సీట్లు కన్వీనరు ద్వారా నింపాలని తెచ్చారు. అదీ మూడో వంతు సంగతే. ప్రైవేటు విద్యాసంస్థల్లో రిజర్వేషన్ పెట్టొచ్చని 2005లో 93వ సవరణతో రాజ్యాంగంలో 15(5) అధికరణం చేరింది. 2014లో సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది. అయినా ప్రైవేటువాళ్ళ మీద అమలయ్యే చట్టం పార్లమెంటు చేయలేదు. 2025 ఆగస్టులో పార్లమెంటరీ స్థాయీ సంఘమే చట్టం చేయమని చెప్పింది. కాబట్టి గేటు ఎంత ఎత్తుంటే అంత గొప్ప అనుకోకండి. ఆ ఎత్తు గేటు మనల్ని బయట ఉంచడానికి కూడా కావచ్చు.

కంప్యూటరా, సివిలా?

ఇప్పుడు వాడ వాడనా ఒకటే పాట, కంప్యూటర్ సైన్స్. ఏఐసీటీఈ 2024 నుంచి సీట్ల మీద పరిమితి ఎత్తేసింది. కాలేజీలు సివిల్, మెకానికల్ మూసి కంప్యూటర్ సీట్లు పెంచుకుంటున్నాయి. తెలంగాణలో కన్వీనరు సీట్లలో మూడింట రెండు వంతులకు పైగా కంప్యూటర్, దానికి తోక తగిలించిన బ్రాంచీలే. చెప్పే పంతుళ్ళు అంతమంది ఎక్కడి నుంచి వచ్చారు? నిన్న పాసైనవాడు ఇయ్యాల పాఠం చెప్తున్నాడు.

నేను కంప్యూటర్ కు శత్రువును కాదు. మన వాడల నుంచి వెళ్ళి సాఫ్ట్ వేర్ లో నిలబడ్డవాళ్ళు ఉన్నారు. తల్లిదండ్రుల్ని కూలి మాన్పించి, ఇల్లు కట్టి, చెల్లెండ్లను చదివించారు. ఆ మార్పును తక్కువ చేసి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు. కానీ ఒక లెక్క చూడండి. సాఫ్ట్ వేర్ కంపెనీలో రిజర్వేషన్ లేదు. అక్కడ మన పిల్లను నిలబెట్టేది చదువు నాణ్యత, ఇంగ్లీషు, కాలేజీ పేరు, తెలిసినవాళ్ళ సిఫారసు. చివరి రెండూ లేని చోట మూడో రకం కాలేజీలో కంప్యూటర్ చదివితే పోటీ ఎవరితో? ఇదే రాష్ట్రంలో లక్షమందితో.

సివిల్, ఎలక్ట్రికల్ సంగతి వేరు. నీటిపారుదల, పంచాయతీరాజ్, రోడ్లు, కరెంటు శాఖల్లో ఇంజనీర్ల పోస్టులు ఆ బ్రాంచీల వాళ్ళకే. 2022లో తెలంగాణ పబ్లిక్ సర్వీస్ కమిషన్ 1,540 ఏఈఈ పోస్టులకు ప్రకటన ఇచ్చింది. అందులో అత్యధికం సివిల్. కంప్యూటర్ చదివినవాడు ఆ పరీక్షకు దరఖాస్తే పెట్టలేడు. అక్కడ రిజర్వేషన్ ఉంది. గేట్ పరీక్ష రాసి ప్రభుత్వ రంగ సంస్థల్లోకి పోయే దారి కూడా ఎక్కువగా ఈ బ్రాంచీలదే. "సివిల్ చదివి మేస్త్రీ అయితడా" అని నవ్వినవాడికి ఈ లెక్క తెలియదు. మన వాడకు సీసీ రోడ్డు వేయాలన్నా, మన పొలం కాలువకు తూము పెట్టాలన్నా ఎస్టిమేటు రాసేది ఆ ఇంజనీరే. ఆ కుర్చీలో ఎవరు కూర్చుంటారనేది మనకు చిన్న విషయమా?

అయితే సర్కారు ప్రకటనలు ఏటా రావు, ఏండ్లకేండ్లు ఎదురుచూడాలి, కోర్టు కేసులు పడతాయి. ఇదీ నిజమే. అందుకని అందరూ సివిలే చదవండి అని నేను చెప్పను. నా మాట ఒకటే. మంచి ప్రభుత్వ యూనివర్సిటీ కాలేజీలో వచ్చిన సివిల్, ఎలక్ట్రికల్ సీటును వదిలి, పేరులేని కాలేజీలో కంప్యూటర్ కోసం అప్పు చేయొద్దు. ముందు కాలేజీ చూడు, తర్వాత బ్రాంచి చూడు. రెండూ బాగుంటే అదృష్టం. ఒకటే వస్తే కాలేజీని పట్టుకో. ఒక జాగ్రత్త. ప్రభుత్వ యూనివర్సిటీ కాలేజీలోనూ సెల్ఫ్ ఫైనాన్స్ సీట్లు ఉంటాయి. అవి ఏవో, ఫీజు ఎంతో చూసి ఆప్షన్ పెట్టాలె.

మంచి కాలేజీ అంటే ఏంది? అద్దాల బిల్డింగ్ కాదు. యూనివర్సిటీ కాలేజీ కాకపోతే ఆ బ్రాంచికి ఎన్బీఏ గుర్తింపు ఉందా అని అడగాలె. న్యాక్ గుర్తింపు మొత్తం కాలేజీకి ఇస్తారు, ఎన్బీఏ మాత్రం బ్రాంచి వారీగా ఇస్తారు. బోర్డు మీద న్యాక్ అని రాసుకున్నా మన బ్రాంచి సంగతి వేరే ఉండొచ్చు. తర్వాత ఆ కాలేజీలో చదువుతున్న మన పిల్లను ఒక్కరినైనా వెతికి పట్టుకొని అడగాలె. పంతుళ్ళు ఏడాది మధ్యలో మారిపోతారా? ల్యాబు తాళం తీస్తారా? బకాయిలకు సర్టిఫికెట్లు ఆపుతారా? హాస్టల్లో అన్నం ఎట్లుంటది? తెలుగు మీడియం పిల్లల్ని క్లాసులో ఎట్ల చూస్తారు? ఈ చివరి ప్రశ్న మరిచిపోవద్దు. మన పిల్లలు మొదటి ఏడాది లెక్కల పేపరు దగ్గరే ఎక్కువ పడిపోతారు. తెలివి లేక కాదు, భాష ఎక్కక. ఆర్నెల్లు ఓపికపట్టి చెప్పే సీనియరో పంతులో ఉంటే అదే పిల్ల నాలుగో ఏడుకు క్లాసు ఫస్టు వస్తుంది.

ఐఐటీ మనకెందుకు అంటున్నవాళ్ళకు

"ఐఐటీలు, ఎన్ఐటీలు మనకెందుకు, అక్కడ మనవాళ్ళు బతకలేరు" అనే మాట మనవాళ్ళ నోటే వింటున్నాను. ఇది భయం. ఈ భయానికి రెండు పక్కలున్నాయి. రెండూ చూద్దాం.

ముందు లెక్క చూడండి. 2024లో జేఈఈ మెయిన్ నుంచి అడ్వాన్స్ డ్ పరీక్షకు అర్హత గీత జనరల్ కు 93 పర్సంటైల్ దగ్గర ఉంటే, ఎస్సీలకు 60 దగ్గర ఉంది. మన గురుకులాల్లో చదివే చాలామంది దాటగలిగే గీత అది. కానీ దరఖాస్తు పెడితేనే కదా! జేఈఈ దరఖాస్తు చలికాలంలో వస్తుంది. అప్పటికి మన పిల్లకు ఆ మాట చెప్పేవాడు ఉండడు. ఐఐటీలో ట్యూషన్ ఫీజు ఏడాదికి రెండు లక్షలు. 2016 నుంచి ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు అది పూర్తిగా మాఫీ. ఎనిమిది లక్షల లోపు ఆదాయం ఉన్న దళిత కుటుంబాల పిల్లలకు పెద్ద సంస్థల్లో చదవడానికి కేంద్రం టాప్ క్లాస్ స్కాలర్ షిప్ కూడా ఉంది. సీటు కొద్దిలో తప్పిపోతే ఏడాది ప్రిపరేటరీ కోర్సు చదివి లోపలికి పోయే దారి ఉంది. అంటే హైదరాబాద్ పక్కన పేరులేని కాలేజీలో మేనేజ్ మెంట్ సీటుకు పెట్టే డబ్బులో సగం కూడా ఐఐటీకి ఖర్చు కాదు. ఇది మన వాడలో ఎంతమందికి తెలుసు?

లోపలికి పోయే గడప దగ్గర కూడా పేదరికం కాలు పట్టి లాగుతుంది. ఉత్తరప్రదేశ్ ముజఫర్ నగర్ జిల్లాలో ఒక దళిత దినకూలీ కొడుక్కి 2024లో ధన్ బాద్ ఐఐటీలో ఎలక్ట్రికల్ సీటు వచ్చింది. 17,500 రూపాయలు కట్టాలి. జూన్ 24 సాయంత్రం అయిదింటికి గడువు. అప్పో సప్పో చేసి డబ్బు కూడేసరికి గడువు నిమిషాల్లో దాటిపోయింది. సీటు పోయింది. ఆ పిలగాడు ఊరుకోలేదు. ఎస్సీ కమిషన్ దగ్గరికి పోయాడు, హైకోర్టుకు పోయాడు, చివరికి సుప్రీంకోర్టు సెప్టెంబర్ 30న సీటు ఇచ్చి తీరాలని చెప్పింది. అంతకుముందు 2021లో బొంబాయి ఐఐటీ సీటు వచ్చిన ఒక దళిత విద్యార్థికీ ఆన్ లైన్లో ఫీజు కట్టలేక ఇట్లాగే సీటు పోతే సుప్రీంకోర్టే ఇప్పించింది. సుప్రీంకోర్టు దాకా పోయే శక్తి అందరికీ ఉంటదా? 17,500 రూపాయలు ఒక్క పూటలో సర్దగలిగే నిధి వాడలో ఉంటే ఆ పిలగానికి ఢిల్లీ పోయే పని పడేదా?

రెండో పక్క చూద్దాం. 2016 జనవరి 17న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రోహిత్ వేముల పోయాడు. 2023 ఫిబ్రవరి 12న బొంబాయి ఐఐటీలో దర్శన్ సోలంకి పోయాడు. బీటెక్ మొదటి సంవత్సరం. ఇవి విన్న తల్లి తన బిడ్డను ఎట్లా పంపిస్తుంది? "దూరం వద్దు బిడ్డా, ఇక్కడ్నే ఏదో చదువుకో" అంటుంది. ఆ తల్లిని నేను తప్పుపట్టను. కానీ కులం ఉందని యూనివర్సిటీ గడప దిగొస్తే అగ్రహారం మళ్ళీ అగ్రహారమే అవుతుంది. మన పిల్లలు పోవాలె. పోవాలె గాని ఒంటరిగా పోకూడదు. ఆ క్యాంపస్ లో అంబేద్కర్ విద్యార్థి సంఘం ఉందా, ఎస్సీ ఎస్టీ సెల్ ఉందా, దాని బాధ్యుడు ఎవరు, మన జిల్లా సీనియర్లు ఎవరున్నారు అని ముందే కనుక్కోవాలె. పిల్ల బస్సు ఎక్కే ముందే అక్కడ ఒక అన్న ఫోన్ నెంబరు దాని చేతిలో ఉండాలె. వారానికోసారి ఇంటివాళ్ళే కాదు, సంఘం కూడా ఫోన్ చేయాలె. "ఎట్ల చదువుతున్నవ్" అని మాత్రమే అడగడం కాదు. "ఎట్లున్నవ్ బిడ్డా" అని అడగాలె. ఒక పేపరు తప్పితే పరువు పోయినట్టు కాదని మనమే ముందు చెప్పాలె.

మన తప్పులు కూడా ఒప్పుకుందాం

అంతా బయటివాళ్ళ తప్పే అంటే సగం నిజమే చెప్పినట్టు.

ఒకటి, ఆడపిల్ల సంగతి. తమ్ముడికి హైదరాబాద్, అక్కకు మండలం పక్కన ఉన్న కాలేజీ. అక్కకు మంచి ర్యాంకు వచ్చినా సరే. "పొద్దున పోయి మాపటికి వచ్చేట్టుండాలె" అని ఆప్షన్ల జాబితా తండ్రే కత్తిరిస్తాడు. దొర మన కాళ్ళకు కట్టిన తాడునే మనం బిడ్డ కాళ్ళకు కడుతున్నాం. యూనివర్సిటీ కాలేజీల్లో ఆడపిల్లల హాస్టళ్ళు ఉన్నాయి, ఆడపిల్లలకు రిజర్వేషనూ ఉంది. ఆ సీట్లు మనం వదిలేస్తే ఎవరు తీసుకుంటారో మీకు తెలుసు.

రెండు, మనలో పైకొచ్చినవాళ్ళ సంగతి. వాడలో నుంచి ఇంజనీరు అయినవాడు, టీచరు అయినవాడు, బ్యాంకు ఉద్యోగి అయినవాడు తన పిల్లలకు ఏ కాలేజీ పెట్టాలో బాగా ఎరుగును. ఆ ఎరుక వాడకు చెప్పడు. పండక్కి కారులో వచ్చి పోతాడు. అన్నా, నీ డబ్బు మాకొద్దు. జూన్, జూలై నెలల్లో రెండు ఆదివారాలు ఇయ్యి. ల్యాప్ టాప్ పట్టుకొని రా. విగ్రహం దగ్గర బల్ల వేస్తాం.

మూడు, మనలో మనకున్న అంతరాలు. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణకు దారి తెరిచింది. 2025 ఏప్రిల్ లో తెలంగాణలో మూడు గ్రూపులుగా 1, 9, 5 శాతం, ఆంధ్రలో 1, 6.5, 7.5 శాతం అని పంచారు. దీని మీద మాల, మాదిగ అన్నదమ్ముల మధ్య వాదాలు ఇంకా సాగుతున్నాయి. అవి వేదికల మీద సాగనీయండి. ఆప్షన్ల బల్ల దగ్గర మాత్రం అందరి పిల్లలూ మన పిల్లలే. మొదటి గ్రూపులో ఉన్న బుడగ జంగం, డక్కలి ఇండ్లల్లో ఇంటర్ దాకా వచ్చిన పిల్ల ఒక్కతి ఉంటే, మనకంటే ముందు ఆ పిల్ల ఫారం నింపాలె. ఆ ఒక్క శాతం ఖాళీగా పోతే పంచుకున్న న్యాయానికి అర్థం లేదు. కుల ధ్రువపత్రంలో ఏ గ్రూపు రాశారో కౌన్సెలింగుకు ముందే చూసుకోండి.

వాడ చేయాల్సిన పని

ఇదేం పెద్ద విద్య కాదు. ఒక నోట్ బుక్కు, ఒక క్యాలెండరు, ఇద్దరు మనుషులు చాలు.

పదో తరగతి ఫలితాలు రాగానే చూడాల్సినవి రెండు. ఒకటి, ఆర్జీయూకేటీ. ట్రిపుల్ ఐటీ అంటాం కదా, అవే. బాసర, నూజివీడు, ఇడుపులపాయలో 2008లో పెట్టారు. పది మార్కుల మీదే సీటు, ఆరేండ్ల చదువు, హాస్టలు అక్కడే. సర్కారు బడి పిల్లలకు కొంత మార్కుల కలుపు కూడా ఉంది. రెండోది, పాలిటెక్నిక్. మూడేండ్ల డిప్లొమా చేసి ఈసెట్ రాస్తే నేరుగా బీటెక్ రెండో ఏడులోకి పోవచ్చు. చేతిలో డిప్లొమా ఉంటుంది గనుక నడుమ ఆగినా వట్టి చేతులతో మిగలరు. పేదింటికి ఇది మంచి దారి. దీన్ని చిన్నచూపు చూడకండి.

ఇంటర్ రెండో ఏడు చలికాలంలో జేఈఈ దరఖాస్తు. వేసవిలో ఎంసెట్. ఎస్సీ, ఎస్టీ పిల్లలకు ఎంసెట్ లో కనీస మార్కుల నిబంధన లేదు. కాబట్టి "క్వాలిఫై కాలేదు" అని ఎవరైనా అంటే నమ్మకండి. కుల, ఆదాయ ధ్రువపత్రాలు మే నెలలోనే తీసి పెట్టుకోండి. బ్యాంకు ఖాతాకు ఆధార్ కలిసి ఉందో చూడండి. స్కాలర్ షిప్ లో కేంద్రం వాటా పిల్లల ఖాతాలోకే వస్తుంది.

ఆప్షన్లు పెట్టేటప్పుడు పది పెట్టి ఊరుకోవద్దు. మనకు నచ్చిన వరుసలో, వస్తదా రాదా అని భయపడకుండా, మంచి కాలేజీ నుంచి కిందికి రాసుకుంటూ రావాలె. ముందు తెల్లకాగితం మీద రాసి, నలుగురు చూసి, ఆ తర్వాతే కంప్యూటర్ లో కొట్టాలె. పాస్ వర్డ్ పిల్ల దగ్గరే ఉండాలె. సీటు వచ్చాక గడువులోగా ఆన్ లైన్లో రిపోర్టు చేయకపోతే సీటు పోతుంది. మా దగ్గర ఒక పిల్లకు మంచి సీటు వచ్చి, ఆ సంగతి నెట్ సెంటర్ వాడు చెప్పక, నాట్లకు పోయి వచ్చేసరికి గడువు దాటిపోయింది. ఆ పిల్ల ఇప్పటికీ నాట్లకే పోతోంది.

ఇక సర్కారును అడగాల్సింది అడుగుదాం. బకాయిలు ఏ ఏడాదివి ఆ ఏడాదే కట్టాలె. సర్టిఫికెట్లు పట్టుకున్న కాలేజీ మీద కేసు పెట్టాలె. ప్రైవేటు యూనివర్సిటీల్లో రిజర్వేషన్ చట్టం చేయాలె. ప్రతి మండలంలో కౌన్సెలింగు నెలల్లో సాంఘిక సంక్షేమ హాస్టల్ ను సహాయ కేంద్రంగా తెరవాలె. ఇవి ధర్నాలతో వచ్చేవి, ధర్నాలు చేద్దాం. కానీ ధర్నా ఫలించేదాకా మన పిల్ల కౌన్సెలింగు ఆగదు.

ఆ హమాలీ అన్న అడిగిన ప్రశ్న ఇంకా నా చెవిలోనే ఉంది. "నాకు చెప్పేటోడు ఎవడున్నడన్నా?" వచ్చే తొలకరికి ఆ మెడలో బిళ్ళ మనిషి మన వాడలోకి వచ్చేసరికి విగ్రహం కింద బల్ల వేసి ఉండాలె. బల్ల మీద నోట్ బుక్కు ఉండాలె. "మా పిల్లల సీట్ల సంగతి మేం చూసుకుంటున్నం, నువ్వు పోయిరా" అని చెప్పే ఇద్దరు మనుషులు ఉండాలె. ఆ ఇద్దరిలో ఒకరు మీరు కావాలె.